ఏఐ పుట్టించిన ఇరవై మంది గృహిణులు కొంటామన్నారు, గానుగ పెట్టవచ్చా?

ప్రశ్న: అనంత వేరుశనగ

నమస్కారం. మాది అనంతపురం. పదకొండేళ్లు ఒక ప్రైవేటు పాఠశాల కార్యాలయంలో పద్దులు రాసి, ఈ వేసవిలో ఆ ఉద్యోగం మానుకున్నాను. చేతిలో మూడున్నర లక్షల రూపాయల పొదుపు ఉంది. ఇంటి వెనుక రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉంది. ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకుందామన్న ఉద్దేశంతో రెండు నెలలుగా చాట్‌జీపీటీతోను, జెమినితోను తెలుగులోనే మాట్లాడుతూ వచ్చాను. అది ఎంతదాకా వచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఎక్కడ పొరపాటు పడ్డానో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదట "నా దగ్గర ఇంత డబ్బు ఉంది, వ్యాపార ఆలోచనలు చెప్పు" అని అడిగితే ఒక్క నిమిషంలో యాభై వచ్చాయి. కొవ్వొత్తులు, టీషర్టుల మీద ముద్రలు, మేడ మీద పుట్టగొడుగుల పెంపకం, పెంపుడు కుక్కలకు ప్రత్యేకమైన బిస్కెట్లు వంటివన్నీ అందులో ఉన్నాయి. మా వీధిలో కుక్కలకు బిస్కెట్లు వేసేవారు లేకపోలేదు గాని, వారు వేసేవి కిరాణా కొట్లో ఐదు రూపాయలకు దొరికే మామూలు బిస్కెట్లే. ఆ జాబితా ఏ ఊరికైనా సరిపోతుంది, అందుకే మా ఊరికి సరిపోలేదు. తరువాత మా జిల్లాలో వేరుశనగ పంట, షెడ్డు కొలతలు, నాకున్న పద్దుల అనుభవం, రోజుకు నేను పెట్టగల గంటలు, ఇవన్నీ చెప్పి మళ్లీ అడిగాను. అప్పుడు మూడింటి దగ్గరికి వచ్చి ఆగింది: చెక్క గానుగ నూనె, వేరుశనగ చిక్కీలు, చిన్న దుకాణాలకు నెలవారీగా పద్దులు రాసిపెట్టే పని. మూడింటిలో గానుగ నాకు నచ్చింది.

లెక్క కూడా దాని చేతనే వేయించాను. వంద కిలోల వేరుశనగ పలుకులు, కిలో 130 రూపాయల చొప్పున 13,000. నూనె 50 కిలోలు, అంటే సుమారు 55 లీటర్లు. నూనె తీయగా మిగిలే పిప్పి, అంటే చెక్క, 50 కిలోలు, కిలో 40 చొప్పున 2,000. ఈ లెక్కన లీటరుకు సరుకు ఖర్చు 200 రూపాయలు. లీటరు 340కి అమ్మితే, నెలకు 300 లీటర్ల మీద 42,000 మిగులుతుంది. సీసాలు, కరెంటు, ఒక సహాయకురాలి జీతం కలిపి 20,000 పోగా నెలకు 22,000 వస్తుంది. యంత్రానికి నాకు వచ్చిన కొటేషన్ 2,40,000 రూపాయలు కాబట్టి, పదకొండు నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుందని తేల్చింది.

ఆపైన ఒక వీడియోలో చూసిన పద్ధతి ప్రకారం, "అనంతపురంలో నివసించే ఇరవై మంది గృహిణులుగా నిన్ను నువ్వు ఊహించుకుని, ఈ నూనె లీటరు 340 రూపాయలకు కొంటారో కొనరో ఒక్కొక్కరి మాటల్లో చెప్పు" అని అడిగాను. పేర్లతో, వయసులతో, ఇంటి పరిస్థితులతో సహా ఇరవై మంది వచ్చారు. పదిహేడు మంది కొంటామన్నారు. అందులో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు "ఈ వాసనకు మా అమ్మ వంటిల్లు గుర్తుకు వచ్చింది" అంటే నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆమె ఆ నూనెను చూడనే లేదన్న సంగతి ఆ రాత్రి నాకు తట్టలేదు.

"సీసా మీరే తెచ్చుకోండి, నింపి ఇస్తాం, పది రూపాయలు తగ్గిస్తాం" అన్న పథకం, "గుండెకు హాయి, కొలెస్ట్రాల్‌కు శత్రువు" అన్న లేబుల్ వాక్యం, బెంగళూరు అపార్టుమెంట్లకు నెలకోసారి నూనె పంపాలన్న సలహా కూడా ఏఐ ఇచ్చినవే.

నా సందేహాలు ఇవి. ఆ ఇరవై మంది మాటను ఎంతవరకు నమ్మవచ్చు? లెక్కలో లోపం ఏమైనా ఉందా? ఈ నెలాఖరులోగా బయానా కడితే పదిహేను వేలు తగ్గిస్తామని యంత్రం అమ్మేవారు అంటున్నారు, ఈలోగా చేయవలసిన పరీక్ష ఏమైనా ఉందా? "యంత్రాన్ని అడిగితే యంత్రం కొనమనే చెబుతుంది" అని మావారు ఎగతాళి చేస్తున్నారు. అందులో నిజమెంతో తెలుసుకోవాలని కూడా ఇక్కడ రాస్తున్నాను.

సమాధానం: పాత గానుగ (నంద్యాల)

అమ్మా, నేను ఎనిమిదేళ్లుగా రెండు చెక్క గానుగలు నడుపుతున్నాను. ఏఐ గురించి నాకు తెలిసింది తక్కువ. నూనె గురించి మాత్రం చెప్పగలను.

మీ లెక్కలో మొదటి వరుసే తప్పు. వంద కిలోల పలుకులకు 50 కిలోల నూనె గానుగలో ఎవరికీ రాదు. పలుకుల్లో ఉండే నూనె 48, 50 శాతం దాకా ఉంటుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది, బహుశా అది ఆ అంకెనే తీసుకుని ఉంటుంది. గింజలో ఉన్నది వేరు, రోట్లో నుంచి బయటికి వచ్చేది వేరు. చెక్క గానుగ నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడి పుట్టదు, అందువల్లనే ఆ వాసన నిలుస్తుంది, అందువల్లనే చెక్కలో నూనె ఎక్కువగా మిగిలిపోతుంది కూడా. నా అనుభవంలో మంచి పలుకులు అయితే 40 కిలోలు, ముడుచుకుపోయిన నాసి పలుకులు అయితే 36 కూడా రాదు. 40 కిలోలంటే 44 లీటర్లు. చెక్క 56 కిలోలు అనుకోండి, మిగిలిన నాలుగూ తేమ కింద, మడ్డి కింద పోతాయి. ఇప్పుడు మీ ధరలతోనే వేయండి: 13,000 నుంచి చెక్క డబ్బు 2,240 తీసేస్తే 10,760. దాన్ని 44తో భాగిస్తే లీటరుకు 244 రూపాయల పైచిలుకు. మీ అంచనాకు, దీనికి లీటరుకు 44 రూపాయలకు పైగా తేడా వచ్చింది. 300 లీటర్ల మీద నెలకు 13 వేల పైచిలుకు. మీ 22,000 కాస్తా ఎనిమిదిన్నర వేల దగ్గరికి దిగుతుంది, పదకొండు నెలలు ఇరవై ఎనిమిది నెలలవుతాయి.

అది కూడా పలుకుల ధర ఏడాదంతా 130 దగ్గరే నిలబడితేనే. మీ జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చినప్పుడు ఒక ధర, విత్తనానికి ఎగబడే మే, జూన్ నెలల్లో ఇంకొక ధర. పంట వచ్చినప్పుడే కొని నిల్వ చేసుకోవాలంటే యంత్రం ధరకు మించిన డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది. మీ మూడున్నర లక్షల్లో యంత్రం పోను మిగిలేది లక్షా పదివేలు. దానితో ఎనిమిది వందల యాభై కిలోలు కూడా రావు. నిల్వలో తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషంతో సమస్య వస్తుంది, దానికి తోడు నూనె చేదెక్కి చెడు వాసన వేస్తుంది. ఒక్క బూజు పట్టిన గుప్పెడు గింజలు పన్నెండు కిలోల వాయిని పాడుచేయడం నేను చూశాను.

బయానా మాత్రం కట్టకండి. పదిహేను వేల తగ్గింపు వచ్చే నెలలో కూడా ఉంటుంది, నెలాఖరు ప్రతి నెలకూ వస్తుంది. ముందు అరవై, డెబ్బై కిలోల మంచి పలుకులు కొని, మీకు దగ్గరలో కూలికి ఆడించే గానుగకు తీసుకువెళ్లండి. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోండి. వాయికి ఎంత సేపు పడుతోంది, నీళ్లు ఎప్పుడు చిలకరిస్తున్నారు, నూనె ఎప్పుడు కారడం మొదలవుతోంది, చెక్క ఎవరు కొనుక్కుపోతున్నారు, ఇవన్నీ కళ్లతో చూసి రాసుకోండి. ఆ నూనెను రెండు మూడు రోజులు తేటపడనిచ్చి, సీసాల్లో పోసి, 340కి అమ్మి చూడండి. పది వేల రూపాయలతో తేలే విషయానికి రెండున్నర లక్షలు పెట్టనక్కరలేదు.

ఇంకొక్క మాట. మీ పట్టికలో అన్నీ సీసాలే కనిపించాయి. మా గానుగల ఆదాయంలో దాదాపు సగం జనం తెచ్చుకునే కాయలు ఆడించి ఇచ్చిన కూలి మీద వస్తుంది. వేరుశనగ పండే ప్రాంతంలో ఉంటూ ఆ మాట దానికి తట్టకపోవడం నాకు విడ్డూరంగా ఉంది.

సమాధానం: అంకెల పిచ్చి (హైదరాబాదు)

పాత గానుగ గారికి విడ్డూరంగా తోచిన విషయానికి కారణం ఉంది. చాట్‌జీపీటీ వంటి వాటి వెనుక ఉండే ఈ భాషా నమూనాలు ఇంటర్నెట్టులో ఉన్న రాతల మీద తయారవుతాయి. గానుగ నూనె గురించి ఇంటర్నెట్టులో రాసేవారిలో ఎక్కువమంది దాన్ని సీసాల్లో అమ్మేవారు. శనక్కాయల మూట మోపెడ్ మీద పెట్టుకుని వచ్చి ఆడించుకుపోయే రైతు దాని గురించి ఎక్కడా రాయడు. అంటే మీరు మాట్లాడించిన ఇరవై మంది గృహిణులు గృహిణుల వేషంలో ఉన్న ప్రకటనలు. నూనె నచ్చిందని వారు అనడంలో ఆశ్చర్యం లేదు, నచ్చని ముగ్గురు ఎక్కడి నుంచి వచ్చారన్నదే ఆశ్చర్యం.

దీనికి పొగిడే గుణం కూడా తోడవుతుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ సంస్థ తన జీపీటీ-4ఓ నమూనాలో చేసిన మార్పు ఒకదాన్ని, అది వాడేవారిని మరీ అతిగా మెచ్చుకుంటోందన్న విమర్శ రావడంతో, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అంత ముదరకపోయినా, అడిగినవారి ఉత్సాహానికి తల ఊపే ధోరణి ఈ పరికరాలన్నిటిలోను ఎంతో కొంత ఉంటుంది. మీవారి ఎగతాళిలో నిజం ఉంది.

అయితే వాటిని పక్కన పడేయమని నేను చెప్పడం లేదు. 2023లో వార్టన్ బిజినెస్ స్కూలు పరిశోధకులు, కళాశాల విద్యార్థులకు పనికివచ్చే, 50 డాలర్ల లోపు ధర ఉండే వస్తువుల ఆలోచనలను విద్యార్థుల నుంచి 200, జీపీటీ-4 నుంచి 200 తీసుకుని, కొంటారా కొనరా అని మనుషులనే అడిగి పోల్చారు. అన్నిటికంటే మెరుగనిపించిన 40 ఆలోచనల్లో 35 జీపీటీ-4వే. కాకపోతే అది ఇచ్చేవి ఒకదానినొకటి ఎక్కువగా పోలి ఉంటాయని కూడా తరువాతి పరిశోధనలో తేలింది. మీకు వచ్చిన కొవ్వొత్తులు, టీషర్టులు ఆ కోవలోవే. ఇక కెన్యాలో 640 మంది చిన్న వ్యాపారులతో జరిగిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. వాట్సాప్ ద్వారా జీపీటీ-4 సలహాదారును అందుబాటులో పెడితే సగటున లాభాల్లో తేడా ఏమీ కనిపించలేదు. అప్పటికే బాగా నడుపుతున్నవారు మరింత బాగుపడ్డారు, వెనుకబడి ఉన్నవారు మరింత దెబ్బతిన్నారు. సలహా అందరికీ దొరికింది, అందులో తమ దుకాణానికి ఏది పనికివస్తుందో ఏరుకునే చూపు అందరికీ లేదు. నూనె వ్యాపారంలో మీకు ఆ చూపు ఇంకా రాలేదు, పాత గానుగ గారికి ఉంది. 50 శాతం అన్న అంకెను ఆయన ఒక్క చూపులో పట్టుకోవడమే దానికి నిదర్శనం.

కాబట్టి అడిగే తీరు మార్చండి. మీ ఆలోచన అని చెప్పకుండా, "నా బంధువు ఒకరు ఈ వ్యాపారానికి నా దగ్గర డబ్బు అడుగుతున్నారు, ఇవ్వకూడదనడానికి కారణాలు చెప్పు" అని కొత్త సంభాషణలో అడిగి చూడండి, స్వరం మారిపోవడం మీకే తెలుస్తుంది. "ఈ గానుగ ఏడాదిలో మూతపడింది, ఎందుకు పడిందో చెప్పు" అన్నది కూడా మంచి ప్రశ్న. ఆపైన, ఈ వ్యాపారం నిలబడాలంటే ఏయే విషయాలు నిజం కావాలో రాయించి, ఏది అబద్ధమైతే మొత్తం కూలిపోతుందో, దాన్ని తక్కువ ఖర్చుతో ఎలా పరీక్షించాలో అడగండి. మీ విషయంలో అటువంటివి మూడే కనిపిస్తున్నాయి: నూనె ఎంత దిగుతుంది, పలుకుల ధర ఎంత ఊగుతుంది, ఒకసారి కొన్నవారు మళ్లీ కొంటారా. లెక్క వేయించినప్పుడు ప్రతి అంకె ఎక్కడి నుంచి తెచ్చిందో, కిలోలా లీటర్లా అన్నది విడిగా రాయమనండి.

మనుషులను అడిగేటప్పుడు కూడా "కొంటారా" అని అడగవద్దు. మన ఊళ్లలో ఇంటికి వచ్చి అడిగినవారిని చిన్నబుచ్చలేక అందరూ కొంటామనే అంటారు, ఆ మాటకొస్తే ఏఐ కూడా అదే మర్యాద పాటించింది. "పోయిన నెల ఏ నూనె కొన్నారు, ఎన్ని లీటర్లు, ఎంత పడింది" అని అడగండి. జరిగిపోయిన దాని గురించి మొహమాటం ఉండదు. వారి జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, తరువాత వాటిని వర్గాలుగా విడదీయడానికి ఏఐకి ఇవ్వండి. ఆ పనిలో అది మీ సమయం నిజంగా ఆదా చేస్తుంది.

సమాధానం: పన్నుల పద్దు (వరంగల్)

వ్యాపారం లాభమా నష్టమా అన్నది పెద్దలు చెప్పారు. నేను చట్టానికి సంబంధించిన మాటలకే పరిమితమవుతాను. ఏఐ మీకిచ్చిన మూడు సలహాల్లోను ఇబ్బంది ఉంది.

"సీసా తెచ్చుకోండి, నింపి ఇస్తాం" అన్నది వినడానికి పర్యావరణానికి మేలు చేసేదిగానే ఉంటుంది, విదేశాల్లో అటువంటి దుకాణాలు ఉన్నాయి కూడా. మన దేశంలో ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంట నూనెను ప్యాకింగు, లేబులు లేకుండా విడిగా అమ్మకూడదు. ప్రజాప్రయోజనం కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప ఆ పథకం కుదరదు. రెండవది లేబులు మీది వాక్యం. కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది, గుండెకు హాయినిస్తుంది వంటి అతిశయోక్తులు వంట నూనెల ప్యాకెట్ల మీద, ప్రకటనల్లో వాడరాదని నిబంధనలు ఆ మాటలనే పేర్కొని మరీ చెబుతున్నాయి. మీకు అది రాసిచ్చిన వాక్యం, నిషిద్ధ పదాల జాబితాను తెలుగు చేసినట్టుగా ఉంది. మూడవది బెంగళూరు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరం లేదు, మా తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. కానీ రాష్ట్రం దాటి నూనె అమ్మితే, టర్నోవరు ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషను తీసుకోవలసిందే. మా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో కొందరు "ఏఐ 40 లక్షలని చెప్పిందండీ" అంటూ వరంగల్‌లో కూర్చుని వాదిస్తుంటారు. చాలా రాష్ట్రాలకు సరిపోయే మామూలు జవాబు అది, తెలంగాణకు వర్తించదు.

పాత గానుగ గారు చెప్పిన పది వేల రూపాయల పరీక్షకైనా, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషను ముందుగా చేతికి రావాలి. ఆ సంస్థ వారి ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము పెద్దదేమీ కాదు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గుర్తించండి. యంత్రం కొనే రోజు వస్తే, సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద బ్యాంకు రుణంతో ముడిపెట్టి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఇస్తూ వచ్చారు. సొంత డబ్బుతో ముందే యంత్రం కొనేస్తే ఆ రుణ సబ్సిడీకి దారి మూసుకుపోయినట్టే. ఆ పథకం తరఫున పనిచేసే జిల్లా రిసోర్స్ పర్సన్‌ను కలిసి, పథకం ఇంకా కొనసాగుతోందో లేదో చూసుకుని, ఆ తరువాతే బయానా మాట ఎత్తండి.

సమాధానం: లడ్డూ పెట్టె (సిద్దిపేట)

అందరూ ఏఐ మీద విరుచుకుపడుతున్నారు గనుక ఒక మాట దాని తరఫున చెబుతాను. నేను ఇంట్లో కొర్ర, రాగి లడ్డూలు చేసి అమ్ముతాను. మొదట బెల్లం పాకంతో చేసిన బొబ్బట్లను పక్క జిల్లాలకు పార్సిల్ పంపాలని ఉబలాటపడ్డాను. "ఇది ఎందుకు దెబ్బతింటుందో ముప్పై కారణాలు చెప్పు" అని అడిగితే అందులో ఇరవై పనికిమాలినవి, ఏడు నాకు తెలిసినవి, మూడు మాత్రం నేను అసలు ఆలోచించనివి. ఎండాకాలంలో పార్సిల్ లారీలో రెండు రోజులు మగ్గే సరుకు గురించి చెప్పింది అందులో ఒకటి. ఆరు బొబ్బట్లు డబ్బాలో పెట్టి మే నెల ఎండలో మా మేడ మీద రెండు రోజులు ఉంచి చూశాను. మూత తీశాక ఆ వాసనతో నా పార్సిల్ వ్యాపారం అక్కడితో ఆగిపోయింది. మూడు కారణాల కోసం ఇరవై చెత్త మాటలు చదవడం నాకు గిట్టుబాటు అయింది.

అనంత వేరుశనగ (తొమ్మిది వారాల తరువాత)

సమాధానం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బయానా కట్టలేదు. పాత గానుగ గారు అన్నట్టే, ఆ తగ్గింపు వచ్చే నెలకు కూడా పొడిగించామని వారి దగ్గరి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను చేతికి వచ్చాక, కిలో 132 చొప్పున 60 కిలోల పలుకులు కొని, ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న గానుగలో కిలోకు 18 రూపాయల కూలితో ఆడించాను. నూనె 23 కిలోల 500 గ్రాములు దిగింది, అంటే 39 శాతం. మడ్డి పోగా సరిగ్గా 25 లీటర్లు సీసాల్లోకి వచ్చాయి. చెక్క 33న్నర కిలోలు, దాన్ని కిలో 40 లెక్కన ఒక పాల వ్యాపారి అక్కడికక్కడే తూయించుకుని పోయారు. 25 సీసాలు 19 ఇళ్లకు అమ్మాను. వచ్చింది 8,500. పలుకులకు 7,920, కూలికి 1,080, సీసాలకు, లేబుళ్లకు 550, మొత్తం ఖర్చు 9,550. చెక్క డబ్బు 1,340 తీసేస్తే 8,210. తొమ్మిది వారాల నా లాభం 290 రూపాయలు, అందులోంచి బస్సు ఛార్జీలు ఇంకా తీయలేదు. సొంత యంత్రం ఉంటే కూలి మిగులుతుందన్న మాట నిజమే గాని, పదకొండు నెలల లెక్క మాత్రం చించివేశాను.

కొన్నవారు, కొననివారు కలిపి 31 ఇళ్లలో పోయిన నెల నూనె ఖర్చు అడిగి రాసుకున్నాను. నా ఊహా గృహిణులు ధర గురించి, సీసా అందం గురించి మాట్లాడారు. నిజమైనవారిలో నలుగురు నూనె పొంగు గురించి ఫిర్యాదు చేశారు. మా వెనుక వీధి అత్తగారొకరు నన్ను వంటింట్లోకి పిలిచి, మూకుడులో బజ్జీలు వేసి చూపించారు. తెల్లటి నురగ అంచుదాకా లేచి పొయ్యి మీదికి పొర్లింది. "ఇది పప్పులో పోపుకైతే బంగారం తల్లీ, వేపుడుకు మాత్రం వద్దు" అన్నారు. శుద్ధి చేయని నూనెలో జిగురు పదార్థాలు ఉండడం వల్ల అలా జరుగుతుందని తరువాత ఏఐని అడిగితే చక్కగా వివరించింది. నేను అడిగేదాకా చెప్పలేదు, అంతే. నెల తిరిగేసరికి మళ్లీ కావాలన్నవి ఏడు ఇళ్లు. ఆ ఏడింటిలో ఆరు ఇళ్లవారు పోపులకు, పచ్చళ్లకు మాత్రమే వాడుతున్నారు, నెలకు లీటరు చాలంటున్నారు.

ఆ 31 జవాబులను ఏఐకి ఇచ్చి విడదీయమన్నాను. ఒక ఇంటిని రెండుసార్లు లెక్కపెట్టింది, అది నేను పట్టుకున్నాను. నేను గమనించనిది ఒకటి అది పట్టుకుంది. ఆరుగురు మాటల మధ్యలో "మా దగ్గర కాయలున్నాయి, ఆడించి ఇస్తారా" అని అడిగారు. ఆ ఆరుగురికీ రాప్తాడు, గార్లదిన్నె, శింగనమల వైపు సొంత పొలమో, పుట్టింటి పొలమో ఉంది, వారిలో ఒక్కరు కూడా సీసా కొనలేదు. నేను వారిని "కొననివారు" అన్న గడిలో వేసి మూసేశాను. పాత గానుగ గారు మొదటే చెప్పిన కూలి గానుగ గిరాకీ వీరిలో కనిపిస్తోందని ఇప్పుడు అర్థమైంది.

అందుకని ఇప్పుడు యంత్రం మాట పక్కన పెట్టి, ఈ పంట కాలంలో ఆ ఆరు ఇళ్ల కాయలను, వారి చుట్టుపక్కల వారివి కలిపి, అదే గానుగకు చేరవేసి ఆడించి తెచ్చే పని చేసి చూద్దామనుకుంటున్నాను. పాత గానుగ గారిని ఒకటి అడగాలి: కూలి ఆడించేటప్పుడు తగాదాలు ఎక్కడ వస్తాయి?

పాత గానుగ

చెక్క దగ్గర వస్తాయమ్మా. కొన్ని చోట్ల చెక్క గానుగవాడు ఉంచుకుని కూలి తగ్గిస్తాడు, కొన్ని చోట్ల చెక్క కాయల యజమానిదే. కాయలు దించుకునే ముందే చెక్క ఎవరిదో చీటీ మీద రాయించి, కాయల తూకం, పలుకుల తూకం విడివిడిగా వేయించండి, ఎందుకంటే పొట్టు పోయాక తగ్గిన బరువును మీరు తిన్నారని అనుకునేవారు ఉంటారు. పన్నెండు కిలోలకు తక్కువ పలుకులు తెచ్చినవారికి విడిగా వాయి వేయలేమని ముందే చెప్పండి. రోట్లో సరుకు చాలకపోతే రోకలికి పట్టు దొరకదు, నూనె దిగదు. ఇద్దరివి కలిపి వేస్తే మాత్రం ఇద్దరూ మళ్లీ రారు.

మీరు చేరవేసి తెస్తానంటున్నారు గనుక, మొదటి రెండు మూడు సార్లు ఆ ఇంటివారిలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. నేను గానుగ పెట్టిన తొలి ఏడాది జనం గుమ్మం బయట నిలబడి అనుమానంగా చూసేవారు. గానుగ ఎదురుగా ఒక బెంచీ వేయించాను. వాయి పూర్తయ్యేదాకా, అంటే ముప్పావు గంట సేపు, తమ కాయల నూనె కారడం అక్కడ కూర్చుని చూస్తారు. ఇప్పుడు అక్టోబరు వస్తే ఆ బెంచీ మీద చోటు దొరకదు.